పాత జాబితాలో పేరు

చేతిలో కవరు పట్టుకుని, దాన్ని చింపే ధైర్యం చాలక, ఆఫీసు వెనక మెట్ల మీద కూలబడిపోయిన వెర్డెల్ పెటిఫర్డ్‌ని పోయిన వారం అలాగే వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆ కౌంటీ పిల్లల సంరక్షణ ఆఫీసులో సహాయకురాలు. కేసులు రాసేది వేరేవాళ్ళు. ఆ కేసుల్లో పిల్లల్ని కార్లో ఎక్కించుకుని ఊరంతా తిప్పేది, వాళ్ళ వాంతులు తుడిచేది, అమ్మానాన్నల్ని చూడటానికి తీసుకొచ్చినప్పుడు మూల కుర్చీలో కూర్చుని కనిపెట్టుకుని ఉండేది వెర్డెల్ లాంటివాళ్ళు. ఆ ఆఫీసు ఇళ్ళలోంచి తీసుకెళ్ళే పిల్లల్లో సగానికి పైగా నల్లపిల్లలు. కేసులు రాసే అరవై రెండు మందిలో నల్లవాళ్ళు నలుగురంటే నలుగురు. సహాయకులు మాత్రం పదకొండు మందిలో తొమ్మిది మంది నల్ల ఆడవాళ్ళే. ఈ సంగతి ఎవరో పేపర్లో వేసి నలుగురి నోళ్ళలో పడేసరికి, కొత్తగా వచ్చిన డైరెక్టర్ మేరియన్ వోస్‌బర్గ్ పట్టుబట్టి ఒక రూలు తెచ్చింది. కాలేజీ చదువు లేకపోయినా పదేళ్ళ అనుభవం ఉంటే కేసులు రాసే కేస్‌వర్కర్‌గా తీసుకోవచ్చని. ఐదుగురు సహాయకులు దరఖాస్తు పెట్టారు. ముందు పెట్టింది వెర్డెల్. ఇంటర్వ్యూలో గట్టెక్కిందీ ఆమే. సోమవారం చేరాలి. ఇవాళ శుక్రవారం.

"అది బాంబు కాదే, కాగితం," అంది జెనీవా.

జెనీవా కూడా సహాయకురాలే. వెర్డెల్ కన్నా పదేళ్ళు పెద్దది, మోకాళ్ళ నొప్పుల మనిషి. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో తలకి రాసే మైనం డబ్బా. కింద గదిలో ఒక నల్లపిల్ల కూర్చుని ఉంది, దానికి జడలల్లాలి. తెల్లవాళ్ళ ఇంట్లో పెట్టారు ఆ పిల్లని. వాళ్ళకి ఆ జుట్టు ఎక్కడ పట్టుకోవాలో కూడా తెలీదు, మూడు వారాలకి చిక్కులు కట్టి చెవుల దగ్గర ఉండలైపోయింది. కేసు చూసేది ఎవరో, జడ మాత్రం జెనీవాదో వెర్డెల్‌దో. ఆ పని ఏ కాగితం మీదా ఉండదు.

"మంచి కబురైతే ఫోన్ చేస్తారక్కా. కాగితం పంపారంటే చెడ్డదే."

"నీకు మంచి కబురు బ్యాండుమేళంతో వచ్చినా చెడ్డదే. మొన్న కెటూరా 'అమ్మా, నీకొక సంగతి చెప్పాలి' అంటే నువ్వేమనుకున్నావ్?"

వెర్డెల్ కవరు అటూ ఇటూ తిప్పింది.

"కేన్సరనుకున్నావ్. అది సోఫా కొనుక్కుంది. చింపవే తల్లీ, కింద పిల్ల తల సగం దువ్వి వదిలేసొచ్చాను."

వెర్డెల్ చింపింది. మొదటి రెండు వాక్యాలు చదివింది. మళ్ళీ మొదటినుంచీ చదివింది. తర్వాత కాగితం జెనీవా ఒళ్ళో పెట్టి, "ఇది నా పేరు కాదు, ఎవరిదో తప్పొచ్చింది," అంది. చెవుల్లో రైలు పోతున్నట్టుంది.

జెనీవా కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని పైకే చదివింది. పిల్లల్ని నిర్లక్ష్యం చేసినవారి రాష్ట్ర జాబితాలో మీ పేరు ఉన్నందువల్ల మీ నియామకం నిలిపివేయడమైనది. సంఘటన జరిగి పాతికేళ్ళు. నిర్లక్ష్యానికి గురైన పిల్లలు: కెటూరా పెటిఫర్డ్, వయసు ఏడు. ఏమస్ పెటిఫర్డ్, వయసు రెండు.

జెనీవా చప్పున కాగితం మడిచేసింది, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

"నా పిల్లల్నా?" అంది వెర్డెల్. "నేనా?"

అంబులెన్సు కూత వినబడితే ఇద్దరికీ ఫోన్ చేసే మనిషి ఆమె. కెటూరాకి ముప్పై రెండేళ్ళొచ్చినా, ఏమస్‌కి గుబురు గడ్డమొచ్చినా, మంచు పడితే 'చేరావా' అని అడక్కుండా నిద్రపోని మనిషి. రోజూ కార్లో ఎక్కించుకునే పరాయి పిల్లల సీటు బెల్టులు రెండుసార్లు లాగి చూస్తుందని కేస్‌వర్కర్లు ఎగతాళి చేస్తారు. అలాంటి మనిషి పేరు పక్కన నిర్లక్ష్యం అన్న మాట. పాతికేళ్ళుగా ఉందట. ఆమె వంట చేసుకుంటున్నప్పుడూ, చర్చిలో పాడుతున్నప్పుడూ, కెటూరా పెళ్ళిలో ఏడ్చినప్పుడూ, అది అక్కడే ఉందట.

"పైకి వెళ్ళి అడుగు," అంది జెనీవా. "ఏడవకు. ఏడిస్తే నీళ్ళు తెచ్చిస్తారు, జవాబివ్వరు."

*

మేరియన్ గదిలో బల్ల నిండా రంగురంగుల కాగితాలు. రెండు గంటలకి కౌంటీ బోర్డు కూర్చుంటుంది, కొత్త రూలు గురించి గొప్పగా చెప్పుకోబోతున్నారు. ప్రతి కాగితం మీదా వెర్డెల్ ఫోటో. ఎర్ర స్వెటర్, నవ్వు. కింద 'మన పిల్లలకు మన మనుషులు' అని. ఆ స్వెటర్ కెటూరాది. ఫోటోకి బావుంటుందని అదే తెచ్చి ఇచ్చింది.

"కూర్చోండి, వెర్డెల్."

"నిలబడే వింటాను."

మేరియన్‌కి యాభై ఉంటాయి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది. రెండేళ్ళ క్రితం వేరే ఊరినుంచి డైరెక్టర్‌గా వచ్చింది. వచ్చిన మొదటి వారమే సహాయకుల గదికి వచ్చి అందరి పేర్లూ అడిగి రాసుకుంది. అంతకుముందు ఏ డైరెక్టరూ ఆ గది తలుపు కూడా తియ్యలేదు. అందుకే వెర్డెల్‌కి ఆమె మీద ఒక నమ్మకం.

"ఆ కాగితం అలా మీ చేతికి రాకూడదు. నేనే పిలిచి చెబుదామనుకున్నాను. ఆఫీసు మెషీన్ నాకన్నా ముందు పంపేసింది."

"మెషీన్ సంగతి కాదు మేడమ్ నేనడిగేది. ఇది అబద్ధం. దీన్ని కొట్టేయించండి."

"కేస్‌వర్కర్‌ని తీసుకునేముందు ఆ జాబితా చూసి తీరాలి, అది చట్టం. మీరు చేరిన రోజుల్లో సహాయకులకి చూసేవాళ్ళు కాదు. అందుకే ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ నేను పనికొచ్చాను," అంది వెర్డెల్. "కుక్కలున్న ఇళ్ళకి ముందు నన్ను నడిపించారు. 'మిస్ వెర్డెల్, నువ్వైతే వాళ్ళు తలుపు తీస్తారు' అని. నెలలు నిండని పిల్లని మంచులో మూడు గంటలు తోలుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చొచ్చాను. అప్పుడెవరూ జాబితా చూడలేదు. ఒక్క మెట్టు పైకెక్కబోతే కనిపించిందా?"

మేరియన్ కళ్ళు దించుకుంది.

"మీరొక్కరే కాదు. దరఖాస్తు పెట్టిన ఐదుగురిలో ముగ్గురి పేర్లున్నాయి."

వెర్డెల్‌కి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. "ముగ్గురేనా? మా వీధుల్లో మీవాళ్ళు కొట్టని తలుపు ఏది? మావాళ్ళని తీసుకుంటామంటారు. ముందు మీ జాబితాలో లేనివాళ్ళు రావాలంటారు. ఆ జాబితా రాసిందెవరు? మీరే! నల్లవాళ్ళు ఎందుకు రావట్లేదో తెలుసుకోవాలని మళ్ళీ ఒక కమిటీ వేసి, బిస్కట్లు తింటూ మాట్లాడుకుంటారు."

"ఆ కమిటీకి నేనే ఛైర్మన్‌ని," అంది మేరియన్ మెల్లగా.

"తెలుసు. బిస్కట్లు తెచ్చేది నేనే."

 మేరియన్ బల్ల సొరుగులోంచి ఒక పాత ఫైలు తీసి ముందుకి జరిపింది. అంచులు పసుపుపచ్చగా మారిపోయాయి. అప్పుడు కూర్చుంది వెర్డెల్. 

రెండు పేజీలు. చదువుతుంటే ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది.

అప్పుడామె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. మూడింటికి పని అయితే, మూడూ నలభైకల్లా ఇంట్లో ఉండేది. ఏమస్‌ని కింద వాటాలో పెద్దామె ఒడెస్సా చూసేది. కెటూరా బడినుంచి నేరుగా అక్కడికే వెళ్ళేది. ఆ రోజు ఒడెస్సాకి గుండెల్లో నొప్పొచ్చింది. కొడుకు వచ్చి ఆసుపత్రికి తీసుకుపోతూ, పసివాణ్ణి కెటూరాకి అప్పజెప్పి, 'మీ అమ్మ పది నిమిషాల్లో వచ్చేస్తుంది, గొళ్ళెం పెట్టుకో' అన్నాడు. అంతా సరిగ్గా జరిగితే పది నిమిషాలే. కానీ గూడ్సు రైలు వచ్చి గేటుకడ్డంగా ఆగిపోయింది. ఆ ఊళ్ళో అది మామూలే, మైలు పొడుగు రైలు, ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకి కూడా తెలీదు. బస్సు దానివెనక నలభై నిమిషాలు నిలబడిపోయింది.

ఆ నలభై నిమిషాల్లో వెర్డెల్ వంద రకాలుగా చచ్చింది. ఒడెస్సా సంగతి ఆమెకి తెలీదు, అయినా ఏదో అయిందనే అనిపించింది, ఆమెకి ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది. బస్సు దిగి పట్టాల దాకా పరిగెత్తింది. కొందరు పెట్టెల కిందనుంచి దూరి అవతలికి పోతున్నారు. తనూ వంగింది. చక్రం కిర్రుమంది. నేను పోతే పిల్లలకెవరు, అనుకుని వెనక్కి జరిగింది. ఆ చక్రం చప్పుడు ఇప్పటికీ కలలో వస్తుంది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద పిల్లల ఆఫీసునుంచి వచ్చిన ఒక పడుచు తెల్లపిల్ల, ఆకుపచ్చ కోటు, చేతిలో అట్టకి గుచ్చిన కాగితాలు. పక్కన కెటూరా, దాని ఒళ్ళో ఏమస్. ఆ పిల్ల ఇల్లంతా తిరిగి చూసింది, ఫ్రిజ్ తెరిచి చూసింది. భయంతో వెర్డెల్ ఆమెకి కేకు కోసి పెట్టింది. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల, 'అంతా బావుందండీ, ఇది ఇక్కడితో ఐపోతుంది,' అంది.

ఐపోయిందనే అనుకుంది. ఉత్తరం ఏదీ రాలేదు. వచ్చినా, ఆ నెలలోనే వాళ్ళు ఇల్లు మారారు.

"'తల్లి ఎప్పుడు వస్తుందో పిల్లకు తెలియదు,'" వెర్డెల్ పైకి చదివింది.  "'ఆలస్యానికి బస్సు కారణమని తల్లి చెబుతోంది. తల్లి ఆందోళనగా, ఎదురు తిరిగే ధోరణిలో ఉంది. నిర్లక్ష్యం నిరూపితం.' ఎదురు తిరిగానా? నేనా? ఆ పిల్లకి కేకు పెట్టాను! ఒక ముక్క తిని, ఇంకో ముక్క కాగితంలో చుట్టించుకుని పోయింది!"

"బాదం వేసిన కేకు," అంది మేరియన్.

వెర్డెల్ తలెత్తింది. తర్వాత కాగితం చివర సంతకం చూసింది. ఎం. డెల్లింగర్.

"పెళ్ళికి ముందు నా పేరు. నిన్న సాయంత్రం దాకా నాకూ గుర్తు లేదు, ఒట్టు. ఈ ఫైలు తెరిస్తే నా చేతిరాత కనిపించింది."

కిటికీ అవతల కార్లు పార్కు చేసే చోట ఎవరో మంచు గీకుతున్నారు, గరగరా. ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు.

"ఎందుకు రాశావ్?"

"ఉద్యోగంలో చేరి మూడో నెల. పై ఆఫీసరు అన్నాడు, ఈరోజు రాయకుండా వదిలేసి రేపు ఆ పిల్లకేమైనా అయితే నీ మెడకి చుట్టుకుంటుంది, రాసెయ్ అని."

"అందరికీ రాశావా?"

మేరియన్ అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో ఆమెని మెచ్చుకోవాలి మనం.

"లేదు. అదే వారం సరస్సు వైపు ఒక పెద్ద ఇంటికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు, మూడేళ్ళ చెల్లెలు, రెండు గంటలు ఒంటరిగా. తల్లి జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళింది. అక్కడ 'తల్లితో మాట్లాడి సలహా ఇచ్చాను' అని రాసి వచ్చాను. ఆవిడ నాకు కేకు కూడా పెట్టలేదు."

"బావుంది," అంది వెర్డెల్.  అరిచి చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి, ఏది ముందో తెలీక అన్నీ గొంతులోనే ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి.

మేరియన్ ఇంకో కాగితం తీసింది. "దారి ఉంది. మినహాయింపు ఫారం. మీరు సంతకం పెడితే నేను ఆమోదిస్తాను, సోమవారం చేరిపోవచ్చు. ఈ ఆఫీసు దాటి బయటికి పోదు. ఎవరూ చూడరు."

వెర్డెల్ ఫారం చూసింది. మూడు గళ్ళు. నేను చేసిన తప్పు. దానివల్ల నా పిల్లలకు జరిగిన హాని. దాన్నుంచి నేను నేర్చుకున్నది.

"ఏం రాయమంటావ్? రైలు కింద దూరి చచ్చిపోకపోవడం నా తప్పని రాయనా?"

"మాటలు ముఖ్యం కాదు వెర్డెల్, ఫారం నిండాలి అంతే..."

"నీకు మాటలు ముఖ్యం కాదు! నువ్వు రాసిన ఒక్క మాట పాతికేళ్ళు నా పేరు పక్కన పడుంది. నేర్చుకున్నదట! నేను నేర్చుకున్నది చెప్పనా? తలుపు కొట్టిన మనిషికి కేకు పెట్టకూడదని." ఫారం వెనక్కి తోసింది. "నేను రాయను. తప్పు రాసింది నువ్వు. తప్పని కూడా నువ్వే రాయి."

"రాయొచ్చు," అంది మేరియన్. "రాసినవాళ్ళు తప్పని ఒప్పుకుంటే పేరు తీసేస్తారు, సాయంత్రానికే తీసేస్తారు. కానీ ఒకటి తప్పని రాస్తే, నేనిక్కడ పనిచేసిన ఆ రెండేళ్ళలో రాసినవన్నీ తెరవాలి. నూట నలభై ఇళ్ళు. బోర్డు ఏమంటుందో తెలుసా? సొంత చేతులే శుభ్రంగా లేని మనిషి మాకు నీతులు చెప్పేదేంటంటుంది. నేను పోతాను. పోతే పోయాను. ఈ రూలూ నాతోనే పోతుంది. మళ్ళీ ఇంకో ఇరవయ్యేళ్ళు నలుగురే ఉంటారు."

"అంటే మావాళ్ళ మేలు కోసం నేను చెడ్డతల్లినని రాసుకోవాలి."

"ఒక్క సంతకం, వెర్డెల్."

"ఎప్పుడూ ఒక్కటే. ఒక్క జడ, ఒక్క ట్రిప్పు, ఒక్క ఫోటో. నీ నూట నలభై ఇళ్ళలో ఎంతమంది నాలాగా ఏమీ తెలీకుండా వంట చేసుకుంటున్నారో! అందులో ఎంతమంది స్కూల్లో ఆయా పని అడిగి, రాలేదేంటా అని తల పట్టుకున్నారో! వాళ్ళు నీ లెక్కలోకి రారా? తెరువు. అన్నీ తెరువు. తెరిచాక నిన్ను ఉంచుతారో తీస్తారో అప్పుడు చూద్దాం. నీకోసం బోర్డు ముందు నేను మాట్లాడతాను, మా చర్చి మొత్తాన్ని తెస్తాను. కానీ నా చేత్తో నా పిల్లల మీద అబద్ధం రాయను."

 మేరియన్ తెల్లకాగితం ఒకటి లాక్కుని కలం తీసింది. తేదీ వేసింది. 'నేను, మేరియన్ డెల్లింగర్ వోస్‌బర్గ్' అని మొదలుపెట్టింది.  ఇంత తేలిగ్గా ఏదీ జరగదు. ఆమె బతుకులో ఎప్పుడూ జరగలేదు.

కలం ఆగింది.

"ఎందుకు తప్పో కూడా రాయాలి. అది రాయాలంటే ఆ రోజు మాకొచ్చిన ఫోన్ సంగతి రాయాలి."

"రాయి. ఆ టాలివర్ ముసలిదే చేసింది, నాకు తెలుసు. ఎదురింటి కిటికీలోంచి పొద్దస్తమానం మమ్మల్నే చూసేది. ఆ రోజునుంచి దాని మొహం చూడలేదు నేను. చచ్చిపోతే పూలు కూడా పంపలేదు."

మేరియన్ మొహం ఎలాగో అయిపోయింది.

"ఫోన్ చేసినవాళ్ళ పేరు నేను చెప్పకూడదు. చెబితే నేరం." ఫైలు వెనకనుంచి ఒక చిన్న కాగితం తీసి, బల్ల మీద వెర్డెల్ వైపు తిప్పి పెట్టింది. తర్వాత లేచి కిటికీ దగ్గరికెళ్ళి, గదికి వీపు పెట్టి నిలబడింది.

వెర్డెల్ తీసింది. ఆ రోజు ఫోన్లో విన్నది విన్నట్టు టైపు కొట్టిన కాగితం. సమయం, మూడూ యాభై రెండు.

'హలో. మా బళ్ళో ఈ నంబరు ఇచ్చారు. మా అమ్మ బస్సు ఇంకా రాలేదు. తమ్ముడు ఏడుస్తున్నాడు. నేను బిస్కట్ పెట్టాను, అయినా ఏడుస్తున్నాడు. మా అమ్మ వచ్చేదాకా మాతో కూర్చోడానికి ఎవరినైనా పంపుతారా? మా అమ్మ మంచిది. వచ్చేస్తుంది. కొంచెంసేపే.'

కింద, ఫోన్ చేసినవారి పేరు అన్న చోట: కెటూరా.

వెర్డెల్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది, చిన్నపిల్ల మొహం పట్టుకున్నట్టు. కొంచెంసేపే. ఏడేళ్ళ పిల్ల, గొళ్ళెం పెట్టుకుని, తమ్ముణ్ణి చంకనేసుకుని.

"అది కూర్చోడానికి మనిషినడిగింది," అంది చివరికి. "అంతే అడిగింది."

"నేను కూర్చోడానికి వెళ్ళలేదు," అంది మేరియన్ కిటికీ వైపునుంచే. "రాసుకోడానికి వెళ్ళాను."

బయట గరగర ఆగింది.

"ఇంకొకటి చెప్పాలి. నేనీ ఉత్తరం రాస్తే, అందులో పేర్లున్న పిల్లలకి ఒక్కో నకలు పంపాలి. పెద్దవాళ్ళైపోయారు కదా, వాళ్ళకి తెలిసే హక్కుంది. ఫారమైతే ఎవరికీ పోదు. మీరే చెప్పండి."

అప్పుడర్థమైంది వెర్డెల్‌కి. ఫారం మీద సంతకం పెడితే ఉద్యోగం వస్తుంది, చెడ్డతల్లి అన్న మాట ఉండిపోతుంది, కెటూరాకి ఏమీ తెలీదు. ఉత్తరం వెళ్తే పేరు తుడిచిపెట్టుకు పోతుంది, ఆ మిగతా ఇళ్ళ ఫైళ్ళూ తెరుచుకుంటాయి. కానీ ఒక పొద్దున కెటూరా తన ఉత్తరాల డబ్బాలోంచి కవరు తీసి చదువుకుంటుంది, అమ్మని జాబితాకి ఎక్కించింది తన ఫోనేనని. ఆ బరువు ఆ పిల్ల మోస్తుంది. అన్నీ మనసులో పెట్టుకునే పిల్ల. తిండి మానేస్తుంది, నిద్ర మానేస్తుంది, కారు నడుపుతూ దాని గురించే ఆలోచిస్తుంది, ఆ మంచులో, ఆ వంతెన మీద...

టైము ఒంటిగంటా నలభై. తలుపు తట్టి ఎవరో, "బోర్డువాళ్ళు వచ్చేశారండీ, మీరు ఎప్పుడొస్తారని అడుగుతున్నారు," అన్నారు.

"ఐదు నిమిషాలు," అంది మేరియన్.

వెర్డెల్ ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. ఏమడగాలో తెలీదు. ఊరికే గొంతు వినాలి, అంతే అనుకుంది.

"బానే ఉన్నానమ్మా, కారు బానే ఉంది, అన్నీ తిన్నాను," అంది కెటూరా, హలో కూడా అనకుండా. వెనక పళ్ళ డాక్టరు గదిలో మిషను చప్పుడు. అది అక్కడే పనిచేస్తుంది. "చెప్పు. ఇంటర్వ్యూ కాగితం వచ్చిందా? నా స్వెటర్ మీద కాఫీ పొయ్యలేదు కదా?"

"లేదమ్మా." వెర్డెల్ ఆ చిన్న కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "చిన్న మాట. మనం లాసన్ వీధిలో ఉన్నప్పుడు, రైలు అడ్డంగా ఆగిపోయి నాకు ఆలస్యమైంది చూడు ఒకరోజు. నీకేమైనా గుర్తుందా?"

మిషను చప్పుడు దూరమైంది. తలుపు మూసుకున్న చప్పుడు. కెటూరా ఎక్కడికో బయటికి నడిచింది. వెర్డెల్‌కి దాని ఊపిరి వినిపిస్తోంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

అది పెద్దదాని గొంతు కాదు.

"ఎవరూ... ఇక్కడ కాగితం ఉంది, చూశాను. ఏం కాలేదమ్మా, నువ్వు భయపడకు, నీ తప్పేం..."

"కాగితంలో రెండుసార్లు ఫోన్ చేశానని ఉందా?"

వెర్డెల్ బల్ల మీద కాగితంకేసి చూసింది. మూడూ యాభై రెండు. దాని కింద తెల్లగా ఖాళీ.

"ఒక్కసారే ఉందమ్మా."

"అయితే మొదటి ఫోన్ సంగతి తీసేశారు," అంది కెటూరా.